విమానం గంటల్లో చేరుతుంది, మరి ఇంధనం?

తైవాన్ మీదికి చైనా దండెత్తితే ఏమవుతుందో తేల్చుకోవడానికి వాషింగ్టన్‌లోని సీఎస్‌ఐఎస్ అనే అధ్యయన సంస్థ ఒక యుద్ధక్రీడను 24 సార్లు ఆడించి, 2023 జనవరిలో ఫలితాలు బయటపెట్టింది. ఎక్కువ ఆటల్లో చైనా తైవాన్‌ను పట్టుకోలేకపోయింది. కానీ అమెరికా, జపాన్ కలిసి వందల విమానాలు పోగొట్టుకున్నాయి. వాటిలో నూటికి తొంభై దాకా గాల్లో కూలినవి కావు, ఎయిర్ బేస్‌లో నిలబడి ఉండగానే క్షిపణులకు తగలబడిపోయినవి.

కోట్లు పోసి కొన్న, రాడార్‌కు తేలిగ్గా చిక్కని స్టెల్త్ విమానం, ఏళ్ల తరబడి శిక్షణ పొందిన పైలట్ ఉండి కూడా, యుద్ధం మొదలైన పూటే విమానం రన్‌వే పక్కన బూడిదైతే చేసేదేమీ ఉండదు. ఈ లెక్క మార్చాలని అమెరికా వాయుసేన పదేళ్లకు పైగా తంటాలు పడుతోంది. ఆ ప్రయత్నానికి ఎజైల్ కంబాట్ ఎంప్లాయ్‌మెంట్ అని పేరు పెట్టింది, పొట్టిగా ‘ఏస్’ అంటారు. విమానాలన్నీ ఒకచోట పెట్టకుండా చిన్న చిన్న గుంపులుగా దీవుల మీద చెదరగొట్టి, శత్రువు గురి చూసుకునేలోపే ఇంకో చోటికి మార్చేయడం దీని సారాంశం. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. చేయగలరా అన్నదే ప్రశ్న.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చురుగ్గా చెదిరి, మళ్లీ కూడి, మళ్లీ చెదిరే వాయుసేన సాధ్యమే. చేసి చూపించినవాళ్లున్నారు. వేల కిలోమీటర్లు వెళ్లి పోరాడే వాయుసేన కూడా సాధ్యమే, దానికీ ఉదాహరణలున్నాయి. ఈ రెండూ ఒకేసారి కావాలన్నప్పుడే అసలు చిక్కు. మొదటిదానికి వెంట సామాను తక్కువ ఉండాలి. రెండోదానికి కొండంత సామాను కావాలి.

నేలమీదే దొరికిపోవడం

ఇది కొత్త కష్టమేం కాదు. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసిందన్న వార్త ఫిలిప్పీన్స్‌లోని అమెరికా సైన్యానికి 1941 డిసెంబరు 8న తెల్లవారకముందే చేరింది. అయినా తొమ్మిది, పది గంటల తర్వాత జపాన్ బాంబర్లు వచ్చేసరికి క్లార్క్ ఫీల్డ్‌లో బి-17 బాంబర్లు, పి-40 ఫైటర్లు నేలమీదే ఉన్నాయి. ఆ మధ్యాహ్నంతో అక్కడి అమెరికా వైమానిక బలం సగానికి పడిపోయింది.

అయితే దాదాపు సగం బి-17లను అంతకుముందే దక్షిణాన మిందనావో దీవిలోని డెల్ మాంటే మైదానానికి తరలించారు. అవి ఆ రోజు బతికిపోయాయి. చెదరగొట్టడం ఎంత పనికొస్తుందో చెప్పడానికి దీన్ని ఉదాహరణగా చూపిస్తుంటారు. కానీ తర్వాత ఏమైందో కూడా చూడాలి. డెల్ మాంటేలో సరైన మరమ్మతు సదుపాయం లేదు, విడిభాగాలు లేవు, కాపాడుకోవడానికి చాలినన్ని విమాన విధ్వంసక తుపాకులూ లేవు. డిసెంబరు మధ్యకల్లా మిగిలిన బాంబర్లు ఆస్ట్రేలియాలోని డార్విన్ వైపు వెనక్కి తగ్గాయి. చెదరగొట్టడం వల్ల విమానాలు దక్కాయి గానీ అక్కణ్నుంచి యుద్ధం సాగలేదు. ఇప్పుడు ఏస్ మీద జరుగుతున్న వాదనంతా ఈ రెండు వారాల్లోనే కనిపిస్తుంది.

మనకూ ఇలాంటి అనుభవం ఉంది. 1965 సెప్టెంబరు 6న పాకిస్తాన్ సేబర్ విమానాలు పఠాన్‌కోట్ మీద పడి నేలమీదున్న మన విమానాలను పది వరకు ధ్వంసం చేశాయి. మర్నాడు పశ్చిమ బెంగాల్‌లోని కలైకుండాలోనూ అదే జరిగింది. ఆ దెబ్బతో మన వాయుసేన ఒక్కో విమానాన్ని విడిగా దాచడానికి గట్టి రక్షణ గోడలతో ‘పెన్‌లు’ అనే గూళ్లు కట్టుకుంది, విమానాలను విడివిడిగా పెట్టడం నేర్చుకుంది. 1971 డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ మన ఎయిర్ బేస్‌ల మీద దాడి చేసినప్పుడు నేలమీద దొరికిన విమానాలు లేవనే చెప్పాలి. ఈ రెండు యుద్ధాల మధ్య, 1967 జూన్ 5న, ఈజిప్టు దాదాపు 300 విమానాలు పోగొట్టుకుంది. ఇజ్రాయెల్ వాటిలో ఎక్కువ భాగాన్ని ఎగరనివ్వకుండానే తగలబెట్టింది.

సోవియట్ యూనియన్ కూలిపోయాక అమెరికా ఈ పాఠాన్ని పక్కన పెట్టింది. తన బేస్‌ను మూయించగల శత్రువు ఎవరూ కనిపించలేదు. 1998లో అప్పటి వాయుసేనాధిపతి జనరల్ మైకేల్ రయాన్ హయాంలో వాయుసేనను పది ‘ఎక్స్‌పెడిషనరీ’ (దండయాత్ర) దళాలుగా విడగొట్టి, వంతులవారీగా విదేశాలకు పంపే పద్ధతి తెచ్చారు. పేరుకు దండయాత్రే. వెళ్లేది మాత్రం సౌదీలోని ప్రిన్స్ సుల్తాన్, ఖతార్‌లోని అల్ ఉదీద్, తర్వాత అఫ్గానిస్తాన్‌లోని బాగ్రామ్ వంటి మహా స్థావరాలకు. అక్కడ ఇంధన ట్యాంకులు, గోదాములు, వర్క్‌షాపులు, భోజనశాలలు అన్నీ అమర్చే ఉండేవి. మనుషులు మారేవారు, బేస్ కదిలేది కాదు. ఇరవై ఏళ్లు ఇలాగే గడిచాయి. ఒక తరం అధికారులు యుద్ధమంటే ఇదేననుకుని పెరిగారు.

ఈలోపు చైనా క్షిపణులు పోగేసుకుంది. జపాన్ దీవి ఒకినావాలోని కడేనా బేస్ తైవాన్‌కు 600 కిలోమీటర్ల పైచిలుకు దూరం. పసిఫిక్‌లోని అమెరికా దీవి గువామ్‌లో ఉన్న ఆండర్సన్ బేస్ సుమారు 2,700 కిలోమీటర్లు. చైనా డీఎఫ్-26 క్షిపణి దాదాపు 4,000 కిలోమీటర్లు వెళ్తుంది. అంటే పశ్చిమ పసిఫిక్‌లో అమెరికా వాడుకోవాలనుకునే పెద్ద రన్‌వేలు ఇంచుమించు అన్నీ ఆ వలయం లోపలే పడతాయి. అక్కడ ఆ స్థాయి బేస్‌లు వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి.

కాగితం మీద ఏస్

ఏస్‌కు సంబంధించిన సిద్ధాంత పత్రాన్ని అమెరికా వాయుసేన 2021 డిసెంబరులో విడుదల చేసింది. దాని ప్రకారం ఒక పెద్ద బేస్ నడిమధ్యన ఉంటుంది, దాని చుట్టూ చిన్న చిన్న మైదానాలుంటాయి. అవి పాత సైనిక రన్‌వేలు కావచ్చు, పౌర విమానాశ్రయాలు కావచ్చు. ఫైటర్లు చిన్నచోటికి వచ్చి ఇంధనం, ఆయుధాలు నింపుకుని వెళ్లిపోతాయి. ఎక్కడ ఎంతసేపు ఉంటాయో శత్రువుకు అంతుపట్టకూడదు. ఒక్క బేస్‌ను కొట్టడానికి దాచుకున్న క్షిపణులను ఇప్పుడు ఇరవై చోట్లకు పంచాల్సి వస్తుంది, అందులో సగం ఖాళీ మైదానాల మీద పడతాయి. ఆలోచన బాగుంది. శత్రువు క్షిపణుల లెక్కను తారుమారు చేయడమే దీని అసలు బలం.

దీనికి బీజం అలస్కాలో పడింది. అక్కడి ఎఫ్-22 ఫైటర్ల దళంవాళ్లు ‘రాపిడ్ రాప్టర్’ అనే పద్ధతి తయారుచేశారు. నాలుగు ఎఫ్-22లు, వాటితో పాటు ఒక్క సీ-17 రవాణా విమానం. ఆ ఒక్క సీ-17లోనే మెకానిక్‌లు, పనిముట్లు, ఆయుధాలు, కొంత ఇంధనం. ఒక రోజులోపు ఎక్కడికైనా వెళ్లి దిగి, మళ్లీ ఎగరగలగాలి. దిగాక సీ-17 ఇంజిన్లు ఆపకుండానే దాని రెక్కల ట్యాంకుల్లోని ఇంధనాన్ని గొట్టాల ద్వారా ఫైటర్లకు ఎక్కించడం కూడా సాధన చేశారు. చూడముచ్చటైన పని అది. ఆ గ్రౌండ్ సిబ్బంది నేర్పును ఎంత మెచ్చుకున్నా తక్కువే.

తర్వాత ఈ పద్ధతి విస్తరించింది. గువామ్‌లో అడవి మధ్యనున్న నార్త్‌వెస్ట్ ఫీల్డ్‌లో ఎఫ్-35లు దిగాయి. టినియన్ దీవిలో 1945 ఆగస్టు 6న హిరోషిమాకు బాంబు మోసుకెళ్లిన విమానం ఎగిరిన నార్త్ ఫీల్డ్‌ను చెట్లూ పొదలూ నరికి మళ్లీ బయటికి తీస్తున్నారు. 2025 జూలై, ఆగస్టుల్లో జరిపిన రెఫోర్‌పాక్ విన్యాసాల్లో వందల విమానాలను 50కి పైగా చోట్ల నడిపారు. పటం మీద చుక్కలు చాలానే పడ్డాయి.

టన్నుల లెక్క

ఆ చుక్కల్లో ఒకదాని దగ్గర కాసేపు ఆగి చూద్దాం.

ఎఫ్-35ఏ ట్యాంకుల్లో పట్టే ఇంధనం 8 టన్నుల పైన. నాలుగు విమానాలు రోజుకు రెండేసి సార్లు ఎగిరితే ఎనిమిది నింపుళ్లు, అంటే 65 టన్నులు. పూర్తిగా ఖాళీ కాకముందే దిగుతాయి, దారిలో ట్యాంకర్ విమానం కొంత పోస్తుంది, కాబట్టి ఇంకొంచెం తగ్గించుకున్నా రోజుకు 40, 50 టన్నులకు తక్కువ కాదు. చిన్న రన్‌వేలకు బాగా నప్పే సీ-130 రవాణా విమానం ఒక ట్రిప్పుకు 20 టన్నులు కూడా మోయలేదు. పెద్దదైన సీ-17 దాదాపు 77 టన్నులు మోస్తుంది గానీ, దాన్ని క్షిపణులు పడే దీవి మీద దింపి గంటలసేపు నిలబెట్టడం ప్రమాదం. నాలుగు ఫైటర్ల కోసం రోజుకు రెండు మూడు సీ-130లు ఇంధనం మోయడానికే సరిపోతాయి. ఇందులో ఇంకా బాంబులు, క్షిపణులు, విడిభాగాలు, మనుషులకు తిండి, నీళ్లు కలపలేదు.

ఇప్పుడు ఇలాంటి దీవులు ఇరవై అనుకోండి. ఒక పెద్ద బేస్‌లో అయితే ఓడ వచ్చి రేవులో ఇంధనం దింపుతుంది, పైపులైన్‌లో ట్యాంకుకు చేరుతుంది, ట్యాంకు నుంచి విమానానికి. ఒక్క క్రేన్, ఒక్క ఫోర్క్‌లిఫ్ట్, ఒక్క అగ్నిమాపక వాహనం పది విమానాలకు సరిపోతాయి. విడగొట్టగానే ప్రతి చోటా ఒక్కొక్కటి కావాలి. చెదరగొట్టినకొద్దీ ఒక్కో విమానానికి అయ్యే మనుషుల, సామాను లెక్క పెరుగుతూ పోతుంది. పెళ్లివారు కార్లలో రెండు గంటల్లో చేరిపోవచ్చు, కానీ వంటసామాను లారీ ముందురోజే బయల్దేరి ఉండాలి. ఇరవై ఊళ్లలో ఒకేరోజు పెళ్లయితే ఇరవై లారీలు కావాలి.

సరే, ఇంధనాన్ని ముందే అక్కడ దాచిపెడితే? అమెరికా చేస్తున్నది కూడా అదే. కానీ ఇక్కడ ఇంకో ప్రశ్న పుడుతుంది. ట్యాంకులు కట్టి, గోదాములు నింపి పెట్టిన దీవి శత్రువు పటంలో కూడా ఉంటుంది. సామాను ఉన్న చోటికే విమానాలు వెళ్లగలవు కాబట్టి ఎటు వెళ్తాయో ఊహించడం తేలికవుతుంది.

ఇంధనం ఒక్కచోట పోగేయడం ఎంత ప్రమాదమో హవాయిలోని రెడ్ హిల్ ఉదంతం చెబుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కొండ లోపల కట్టిన 20 భారీ ట్యాంకులవి, సుమారు 95 కోట్ల లీటర్ల సామర్థ్యం. పసిఫిక్ అంతటికీ అమెరికా సైన్యపు ఇంధన గోదాము. 2021 నవంబరులో అక్కణ్నుంచి జెట్ ఇంధనం కారి తాగునీటిలో కలిసింది, సైనిక కుటుంబాలు జబ్బుపడ్డాయి. 2022 మార్చిలో దాన్ని శాశ్వతంగా మూసేయాలని నిర్ణయించారు. అందులోని ఇంధనాన్ని రకరకాల చోట్లకు, ఓడలకు పంచుతామన్నారు. మూయడం న్యాయమే, జనం తాగే నీళ్లకన్నా ఏదీ ఎక్కువ కాదు. కానీ చురుకైన వాయుసేన గురించి మాట్లాడేటప్పుడు ఫైటర్ల ఫొటోలు చూసినంత శ్రద్ధగా ఈ ట్యాంకులు, ట్యాంకర్ ఓడల సంగతి ఎవరూ చూడరు. నాకు బాధ కలిగించేది అదే.

శాన్ కార్లోస్‌లో ఒక రోజు

దూరం వెళ్లి, చిన్న మైదానం నుంచి, నిజమైన శత్రువు ఎదురుగా పోరాడితే ఎలా ఉంటుందో 1982లో అర్జెంటీనాతో జరిగిన ఫాక్‌లాండ్స్ దీవుల యుద్ధంలో బ్రిటన్ చూసింది. హారియర్ విమానం ఈ పనికే పుట్టింది. నిట్టనిలువుగా దిగగలదు, దానికి పెద్ద రన్‌వే అక్కర్లేదు. అయినా కష్టాలు తప్పలేదు.

తాత్కాలిక రన్‌వే వేయడానికి కావాల్సిన లోహపు పలకలు, చినూక్ హెలికాప్టర్లు, హారియర్ విడిభాగాలు అట్లాంటిక్ కన్వేయర్ అనే ఒకే ఓడలో ఎక్కువగా ఉన్నాయి. మే 25న అర్జెంటీనా ఎక్సోసెట్ క్షిపణులు తగిలి ఆ ఓడ తగలబడింది, తర్వాత మునిగిపోయింది. ఇంకో ఓడలో మిగిలిన కొద్ది పలకలతోనే ఇంజనీర్లు శాన్ కార్లోస్ తీరంలో 260 మీటర్ల చిన్న పట్టీ పరిచారు. జూన్ 5 నుంచి అది పనిచేసింది. జూన్ 8న ఒక హారియర్ దిగుతూ బలంగా నేలను తాకి పలకలను పెకలించేసింది. పట్టీ కొన్ని గంటలు మూతపడింది. ఆ గంటల్లో నౌకాదళపు హారియర్లయిన సీ హారియర్లకు దగ్గర్లో ఇంధనం దొరికే చోటు లేదు. దూరంగా సముద్రంలో ఉన్న విమానవాహక నౌకల నుంచి వచ్చి వెళ్తుంటే కాపలాకు మిగిలే సమయం బాగా తగ్గిపోయింది. సరిగ్గా ఆ రోజే అర్జెంటీనా విమానాలు ఫిట్జ్‌రాయ్ దగ్గర సర్ గాలహాడ్, సర్ ట్రిస్ట్రామ్ ఓడల మీద బాంబులు వేశాయి. దాదాపు 50 మంది చనిపోయారు. ఆ విషాదానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి, పట్టీ మూతపడడం వాటిలో ఒకటి మాత్రమే. కానీ ఒక్క విమానం తడబడితే మొత్తం రక్షణ ఎంత పలుచబడుతుందో దాన్నిబట్టి తెలుస్తుంది.

అదే యుద్ధంలో అట్లాంటిక్ మధ్యనున్న అసెన్షన్ దీవి నుంచి 6,000 కిలోమీటర్ల పైన ఎగిరి ఒక్క వల్కన్ బాంబర్ ఫాక్‌లాండ్స్ రన్‌వే మీద 21 బాంబులు వేసింది. దానికి గాల్లో ఇంధనం పోయడానికి 11 విక్టర్ ట్యాంకర్లు కావాల్సివచ్చాయి. అవి కూడా ఒకదానికొకటి పోసుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. రన్‌వే మీద పడింది ఒకే ఒక్క బాంబు. అర్జెంటీనా రవాణా విమానాలు యుద్ధం చివరిదాకా ఆ రన్‌వేను వాడుకుంటూనే ఉన్నాయి.

స్వీడన్ ఎలా చేయగలిగింది

చెదిరి బతకడంలో స్వీడన్‌ను మించినవాళ్లు లేరు. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో బాస్ 60, ఆ తర్వాత బాస్ 90 అనే పథకాల కింద దేశమంతా రోడ్ల మీద, అడవుల అంచున చిన్న రన్‌వేలు సిద్ధం చేసుకున్నారు. విమానాన్నీ దానికి తగ్గట్టే తయారుచేశారు. విగ్గెన్ దిగాక ఇంజిన్ గాలిని ముందుకు మళ్లించి తక్కువ దూరంలో ఆగేది. తర్వాత వచ్చిన గ్రిపెన్‌కు 800 మీటర్ల రోడ్డు చాలు. ఒక టెక్నీషియన్, ఐదుగురు నిర్బంధ సైనిక సేవలో ఉన్న కుర్రాళ్లు కలిసి పది నిమిషాల్లో ఇంధనం నింపి, క్షిపణులు బిగించి పంపించేస్తారు. ఆ కుర్రాళ్లు కొన్ని నెలల శిక్షణతో ఆ పని చేయగలిగేలా విమానాన్ని గీశారు. తలుపులు చేతికందే ఎత్తులో ఉంటాయి, నిచ్చెనలు తక్కువ, ప్రత్యేక పరికరాలు తక్కువ.

దీన్ని ఎఫ్-35తో పోల్చి చూడండి. స్టెల్త్ పూత జాగ్రత్తగా చూసుకోవాలి, విడిభాగాలు ప్రపంచమంతా తిరిగే గొలుసు ద్వారా రావాలి, మరమ్మతుల చిట్టా కంప్యూటర్ నెట్‌వర్క్‌తో ముడిపడి ఉంటుంది. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ ఏడాది మార్చిలో ఎఫ్-35లు పనికి సిద్ధంగా ఉన్నది 55 శాతం మేరకే. సొంత బేస్‌లో అన్ని సదుపాయాల మధ్య ఉన్నప్పటి మాటే అది. ఎఫ్-35 రోడ్డు మీద దిగలేదని కాదు. 2023 సెప్టెంబరులో నార్వే ఎఫ్-35ఏలు ఫిన్లాండ్ హైవే మీద చక్కగా దిగి చూపించాయి. కానీ ఒక రోజు దిగడం వేరు, నెల రోజులు అక్కణ్నుంచే పోరాడడం వేరు.

స్వీడన్‌కున్న ఇంకో సౌకర్యాన్ని చాలామంది పట్టించుకోరు. వాళ్లు చెదిరింది సొంత దేశంలో. రోడ్లు వాళ్లవే, పెట్రోలు బంకులు వాళ్లవే, లారీలు, ఆసుపత్రులు, భాష అన్నీ వాళ్లవే. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ వాయుసేన కూడా అలాగే బతికింది. దాడికి ముందే విమానాలను చెదరగొట్టి, ఆ తర్వాత ఒక మైదానం నుంచి ఇంకోదానికి మారుస్తూ వచ్చింది. చురుకుదనమన్నది ఇంట్లో ఉన్నవాడికి చవకగా దొరుకుతుంది. సముద్రం దాటి వెళ్లేవాడు ఆ ఇంటిని కూడా మోసుకెళ్లాలి.

స్వీడన్ సైతం ఆ వ్యవస్థను నిలుపుకోలేకపోయింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక ఖర్చు దండగనుకుని చాలా భాగం విప్పేసింది, 2010లో నిర్బంధ సైనిక సేవను ఆపేసింది. రష్యా భయంతో ఇప్పుడు మళ్లీ మొదటినుంచి పేర్చుకుంటోంది.

మనుషుల సంగతి

ఏస్‌లో నాకు అన్నిటికన్నా టెన్షన్ కలిగించేది సిబ్బంది విషయం. పెద్ద బేస్‌లో ఒక్కో పనికి ఒక్కో నిపుణుడు ఉంటాడు. ఇంజిన్ చూసేవాడు, ఆయుధాలు బిగించేవాడు, ఇంధనం పోసేవాడు, కాపలా కాసేవాడు, అందరూ వేరువేరు. చిన్న దీవికి అంతమందిని పంపలేరు. అందుకని ఒక్కరికే నాలుగైదు పనులు నేర్పుతున్నారు. మెకానిక్ ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు, ఆయుధాల పనివాడు రాత్రి కాపలా కాస్తాడు. కొద్ది రోజులకు ఇది నడుస్తుంది. పన్నెండు గంటలు ఎండలో ఇంజిన్ విప్పి బిగించినవాడు రాత్రి తుపాకీ పట్టుకుని నిలబడితే నాలుగోరోజుకు ఏం చేస్తాడో ఎవరైనా ఊహించగలరు. అలసిన మనిషి బిగించిన నట్టు మీద పైలట్ ప్రాణం ఆధారపడి ఉంటుంది.

నిర్ణయాలు తీసుకోవడం కూడా మారాలి. ఇరవై ఏళ్లపాటు మధ్యప్రాచ్యంలో ప్రతి విమానాన్నీ అల్ ఉదీద్ కేంద్రం నుంచి నడిపించారు. యుద్ధంలో కమ్యూనికేషన్ తెగిపోతే దీవి మీదున్న కెప్టెనే ఎగరాలో, ఆగాలో, పారిపోవాలో తేల్చుకోవాలి. 2021లో వచ్చిన వాయుసేన మూల సిద్ధాంతంలో ఈ అధికార వికేంద్రీకరణను రాసుకున్నారు. కానీ పైనుంచి ఆదేశం కోసం ఎదురుచూడడం అలవాటైన సంస్థలో ఆ కెప్టెన్ తప్పు చేస్తే ఏం జరుగుతుందో చూశాకే కింది స్థాయివాళ్లు నమ్ముతారు.

ఎవరి నేల, ఎవరి కళ్లు

చెదరడానికి నేల కావాలి, ఆ నేల చాలావరకు ఇతరులది. 2023లో ఫిలిప్పీన్స్ అమెరికాకు వాడుకునేందుకు ఇచ్చిన స్థావరాల సంఖ్య ఐదు నుంచి తొమ్మిదికి పెరిగింది. శాంతికాలంలో ఇచ్చిన మాట యుద్ధం రోజున నిలబడుతుందన్న హామీ లేదు. 1986లో లిబియా మీద దాడికి బ్రిటన్ నుంచి బయల్దేరిన ఎఫ్-111లకు ఫ్రాన్స్ తన గగనతలం ఇవ్వలేదు, అవి స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ఐబీరియా ద్వీపకల్పం చుట్టూ తిరిగి వెళ్లాయి. 2003 మార్చి 1న టర్కీ పార్లమెంటు అమెరికా సైన్యం తమ దేశం గుండా ఇరాక్‌కు వెళ్లడానికి ఒప్పుకోలేదు. ఆ దేశాల తప్పేం లేదు. తమ ఊళ్ల మీద క్షిపణులు పడతాయన్నప్పుడు ఏ ప్రభుత్వమైనా రెండుసార్లు ఆలోచిస్తుంది.

రెండో సంగతి, దాక్కోవడం కష్టమైపోయింది. 2025 జూన్ 23న ఇరాన్ అల్ ఉదీద్ మీద క్షిపణులు వేసేటప్పటికే అక్కడి విమానాలను తరలించేశారు. ముందు హెచ్చరిక ఉంటే ఈ పద్ధతి పనిచేస్తుందనడానికి అది మంచి రుజువు. కానీ ఆ బేస్ ఖాళీ అయిన సంగతి దాడికి ముందే వాణిజ్య ఉపగ్రహ చిత్రాల్లో లోకమంతా చూసింది. అదే నెల 1న ఉక్రెయిన్ లారీల్లో దాచి తీసుకెళ్లిన 117 చిన్న డ్రోన్లతో రష్యా లోపలి బాంబర్ స్థావరాల మీద దాడి చేసింది. వాటిలో బెలాయా బేస్ ఉక్రెయిన్‌కు 4,000 కిలోమీటర్ల పైన దూరంలో ఉంది. దూరంగా ఉన్న చిన్న మైదానానికి కాపలా తక్కువ కాబట్టి ఇలాంటి దాడికి అదే తేలిగ్గా దొరుకుతుంది.

అందుకే కాంక్రీటు గురించిన చర్చ మళ్లీ మొదలైంది. హడ్సన్ ఇన్‌స్టిట్యూట్ 2025 జనవరి నివేదిక ప్రకారం చైనా గత దశాబ్దంలో విమాన షెల్టర్లను రెట్టింపుకు మించి, మొత్తం 3,000 దాటించింది. అమెరికా ఆ ప్రాంతంలో కొత్తగా గట్టి షెల్టర్లు కట్టుకున్నది నామమాత్రం. కాంక్రీటుతో ఫొటోలు బాగా రావు, విన్యాసాల్లో చూపించడానికీ ఏమీ ఉండదు. అయినా ఒక్కో విమానానికి ఒక్కో క్షిపణి ఖర్చు పెట్టించడమంటే శత్రువు లెక్కను చెడగొట్టడమే కదా. చెదరడానికీ కప్పు వేసుకోవడానికీ వైరం లేదు, రెండూ చేయాలి.

అద్దంకి రోడ్డు దగ్గర

మన తెలుగువాళ్లకు ఈ విషయం మరీ దూరమేం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో అద్దంకి దగ్గర జాతీయ రహదారి 16 మీద 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పుతో అత్యవసర రన్‌వే ఉంది. 2022 డిసెంబరు 29న, మళ్లీ 2024 మార్చి 18న వాయుసేన అక్కడ విన్యాసాలు చేసింది. 2024లో సుఖోయ్-30లు, హాక్‌లు రోడ్డుకు తక్కువగా దిగివచ్చి మళ్లీ పైకి లేచాయి. ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు నిజంగానే దిగి ఎగిరాయి. వాటిలో నాకు ముఖ్యంగా తోచింది రవాణా విమానాలు దిగడమే. యుద్ధంలో ఆ రోడ్డు ఎన్ని రోజులు పనిచేస్తుందో నిర్ణయించేది అవే.

మన వాయుసేన దీన్ని సొంత నేల మీద చేస్తోంది, పక్కనే ఊళ్లున్నాయి, రైల్వే లైనుంది. ఆ సౌకర్యం విలువ 1971లో భుజ్‌లో కనిపించింది. పాకిస్తాన్ బాంబులకు రన్‌వే గుంతలు పడితే పక్కనున్న మాధాపర్ గ్రామం నుంచి సుమారు 300 మంది స్త్రీలు వచ్చి 72 గంటల్లో దాన్ని బాగుచేశారు. సైరన్ మోగినప్పుడల్లా పొదల్లోకి పరుగెత్తి, ఆగాక మళ్లీ పనిలోకి దిగారు. అమెరికావాళ్లకు టినియన్‌లో, పలావు దీవుల్లో అలాంటి ఊరు ఉండదు. అక్కడ గుంత పూడ్చే యంత్రం, సిమెంటు, దాన్ని నడిపే మనిషి, మనిషికి తాగే నీళ్లు, అన్నీ ఓడ ఎక్కి రావాలి.

అయితే అవుతుందా?

కొద్ది విమానాలు, కొద్ది రోజులు, ముందస్తు హెచ్చరిక ఉంటే అవుతుంది, అమెరికా దాన్ని నేర్చుకుంది కూడా. యుద్ధం మొదటి వారంలో విమానాలను బతికించుకోవడానికి అదొక్కటే చాలా పెద్ద మేలు. క్లార్క్ ఫీల్డ్‌లో ఆ మాత్రం చేసి ఉంటే చరిత్ర కొంత వేరుగా ఉండేది.

మొత్తం వాయుసేన, వారాల తరబడి, సముద్రం అవతల అన్నప్పుడు మాత్రం ఇప్పుడున్న సామానుతో కాదనే నా అభిప్రాయం. దానికి కావాల్సినవి కొత్త ఫైటర్ల కన్నా ఇంధన ట్యాంకర్ ఓడలు, చిన్న రేవుల్లో దింపగల పడవలు, సీ-130లు, రన్‌వే మరమ్మతు దళాలు, విడిభాగాల నిల్వలు, కాంక్రీటు షెల్టర్లు, చిన్న బేస్‌లను డ్రోన్ల నుంచి కాపాడే తుపాకులు. వీటికి బడ్జెట్‌లో ఎప్పుడూ ఆఖరి వరసే. విమానం కొంటే పదేళ్లు చెప్పుకోవచ్చు, పైపులైను వేస్తే ఎవరూ ప్రారంభోత్సవానికి రారు.

ఇకమీదట ఇలాంటి విన్యాసాల వార్తలు వచ్చినప్పుడు ఎన్ని చోట్ల దిగారన్నది కాకుండా, పదో రోజున ఆ ఇరవయ్యో దీవికి ఎన్ని టన్నుల ఇంధనం చేరిందో, చేర్చిన విమానాల్లో ఎన్ని తిరిగొచ్చాయో ఎవరైనా రాశారేమో చూడండి. 2025 రెఫోర్‌పాక్ వార్తల్లో విమానాల లెక్క, దీవుల లెక్క ముందువరసలో కనిపించాయి. టన్నుల లెక్క కూడా వాటి పక్కనే ప్రచురించే రోజు వస్తే, ఈ ప్రశ్నకు నా జవాబును నేను మళ్లీ ఆలోచించుకుంటాను.